2011 సెన్సస్ గ్రామాల షేప్‌ఫైల్‌ను ఇప్పటి 33 జిల్లాల మ్యాపుగా మార్చడం: మొత్తం జనాభా కలవడం లేదు

మానేరు_పిల్ల
సోమవారం ఉదయం

అందరికీ నమస్తే. పబ్లిక్ హెల్త్‌లో రీసెర్చ్ చేస్తున్నాను, మ్యాపుల పని నాకు కొత్త. 2011 సెన్సస్ లెక్కలతో మహిళల అక్షరాస్యతను తెలంగాణ ఇప్పటి 33 జిల్లాల వారీగా, వీలైతే మండలాల వారీగా చూపించాలి. చివరికి లీఫ్‌లెట్ అనే వెబ్ మ్యాపుల లైబ్రరీతో వెబ్‌పేజీలో పెట్టాలి.

నా దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల సరిహద్దుల షేప్‌ఫైల్, మా సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. రెండోది సెన్సస్ సైట్లో దించుకున్న పీసీఏ (ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్, అంటే ఊరూరి ప్రధాన లెక్కలు) ఎక్సెల్ షీట్లు.

మూడు చోట్ల ఆగిపోయాను. షేప్‌ఫైల్‌ను జియోజేసన్ (వెబ్ మ్యాపులకు వాడే ఫైల్ రకం) చేసి వెబ్‌లో పెడితే తెలంగాణ కనిపించడమే లేదు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మండలం కోడ్ మీద ఎక్సెల్ లెక్కలను మ్యాపుతో జాయిన్ చేస్తే ఒక్క మండలానికీ డేటా రావడం లేదు. గ్రామాల మీద చేస్తే చాలావరకు వస్తోంది గానీ మధ్యమధ్య ఖాళీలు ఉన్నాయి. ఇక మూడోదే అసలు టెన్షన్. పాత పది జిల్లాలూ కూడితే 3,51,93,978 వస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ పుస్తకాల్లో తెలంగాణ 2011 జనాభా 3,50,03,674 అని ఉంది. నా గైడ్ మొదట చూసేది ఆ అంకెనే.


తొందరబాబు
సోమవారం ఉదయం

ఇంత కష్టం ఎందుకండీ? తెలంగాణ జిల్లాల జియోజేసన్ అని వెతికితే రెడీమేడ్‌వి బోలెడు దొరుకుతాయి. దించుకుని రంగులు వేసేయండి. గంట పని.


పిక్సెల్_పంతులు
సోమవారం మధ్యాహ్నం

తొందరబాబు గారూ, రెడీమేడ్ దొరుకుతుంది నిజమే, కానీ ఏ తేదీది? 2016 అక్టోబర్ 11 దసరా నాడు పది జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అప్పుడు మారింది పేర్లొక్కటే అనుకోకండి, ఆ రెండింటి మధ్య మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. నెట్లో తిరిగే 33 జిల్లాల ఫైళ్లు చాలావాటిలో ఇప్పటికీ వరంగల్ అర్బన్ అనే ఉంటుంది. అయినా 2011 లెక్కలు ఆ 33 జిల్లాలకు విడిగా రాలేదు కదా. రంగులు వేయడానికి అంకెలు ఎక్కడివి?

అమ్మా మానేరు, ముందు మొదటి సమస్య చూద్దాం. షేప్‌ఫైల్ అంటే ఒక ఫైల్ కాదు, ఫైళ్ల కట్ట. ఆ ఫోల్డర్లో ఏమేం ఉన్నాయో రాయండి. క్యూజీఐఎస్‌లో లేయర్ తెరిచి హైదరాబాద్ మీద మౌస్ పెడితే కింద కోఆర్డినేట్లు ఎంత చూపిస్తున్నాయో కూడా చెప్పండి.


మానేరు_పిల్ల
సోమవారం సాయంత్రం

మూడే ఉన్నాయి సార్. ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్. హైదరాబాద్ దగ్గర మొదటి అంకె దాదాపు 38 లక్షలు, రెండోది 32 లక్షల పైన చూపిస్తోంది.


పిక్సెల్_పంతులు
సోమవారం రాత్రి

పీఆర్‌జే ఫైల్ పోయింది. కోఆర్డినేట్లు ఏ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) ఉన్నాయో చెప్పేది అదే. అది లేకపోతే సాఫ్ట్‌వేర్‌కు మీటర్లో డిగ్రీలో తెలియదు. పెన్‌డ్రైవ్‌ల ప్రయాణంలో ఎక్కువగా రాలిపోయేది ఆ చిన్న ఫైలే. మీ సీనియర్ దగ్గర అసలు జిప్ ఉందేమో అడగండి.

ఈలోపు మీరిచ్చిన అంకెలు చాలావరకు విషయం చెప్పేస్తున్నాయి. డిగ్రీలైతే హైదరాబాద్ 78.5, 17.4 దగ్గర ఉండాలి. మీటర్లలో కొలిచే యూటీఎం ప్రొజెక్షన్ 44వ జోన్ అయితే మొదటి అంకె రెండు లక్షల చిల్లర ఉండాలి. 38 లక్షలు, 32 లక్షలు అంటే అది దేశం మొత్తానికి వాడే లాంబర్ట్ కోనికల్ ప్రొజెక్షన్, దాని ఈపీఎస్‌జీ కోడ్ 7755. దాంట్లో 80 డిగ్రీల రేఖాంశం, 24 డిగ్రీల అక్షాంశం కలిసే చోట రెండు అంకెలూ సరిగ్గా 40 లక్షలు. హైదరాబాద్ అక్కడికి కొంచెం పడమర, బాగా దక్షిణం. మీ అంకెలు సరిపోయాయి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటి ఉంది. క్యూజీఐఎస్‌లో రెండు వేర్వేరు పనిముట్లు ఉంటాయి. "అసైన్ ప్రొజెక్షన్" కోఆర్డినేట్లను ముట్టుకోదు, ఇవి ఫలానా ప్రొజెక్షన్‌లో ఉన్నాయని చీటీ అంటిస్తుంది, అంతే. "రీప్రాజెక్ట్ లేయర్" కోఆర్డినేట్లనే మార్చి రాస్తుంది. మీరు ముందు 7755 అని అసైన్ చేయాలి, తర్వాత 4326కు (డిగ్రీల్లో ఉండే డబ్ల్యూజీఎస్ 84 కోడ్ అది) రీప్రాజెక్ట్ చేయాలి. నేరుగా 4326 అని అసైన్ చేస్తే 38 లక్షల డిగ్రీల తూర్పున తెలంగాణను వెతుక్కోవాలి. జియోజేసన్ ప్రమాణం ప్రకారం కోఆర్డినేట్లు డబ్ల్యూజీఎస్ 84 డిగ్రీల్లోనే ఉండాలి. లీఫ్‌లెట్ అదే నమ్ముతుంది, వేరేగా అడగదు.

అయ్యాక ఉపగ్రహ చిత్రం మీద పెట్టి హుస్సేన్‌సాగర్, నాగార్జునసాగర్ దగ్గర చూడండి. సరిహద్దులన్నీ ఒకే దిక్కుకు వంద మీటర్లకు పైగా జరిగినట్టు కనిపిస్తే, ఎవరో పాత టోపోషీట్ల మీద గీసి వాటిలోని ఎవరెస్ట్ డేటమ్‌ను (భూమి ఆకారానికి పాత కొలమానం) పట్టించుకోకుండా వదిలేశారని అర్థం. అప్పుడు డేటమ్ మార్పు వేరే చేయాలి. జిల్లా మ్యాపులో అది కంటికి ఆనదు గానీ గ్రామాల స్థాయిలో వాగు అవతలి ఊరు ఇవతలికి వస్తుంది.


కోడ్_కోతి
మంగళవారం ఉదయం

మండలం జాయిన్ సంగతి నేను చెప్తా. కేసు చూడకుండానే తీర్పు: ఎక్సెల్ చేసిన పని అది.

2011 సెన్సస్‌లో రాష్ట్రానికి 2 అంకెలు, జిల్లాకు 3, సబ్‌డిస్ట్రిక్ట్‌కు 5, గ్రామానికి లేదా పట్టణానికి 6. మనకు సబ్‌డిస్ట్రిక్ట్ అంటే మండలం. దేశం మొత్తంలో సబ్‌డిస్ట్రిక్టులు 5,924. కోడ్ మాత్రం ఐదంకెలు. అంటే ప్రతి మండలం కోడూ సున్నాతోనే మొదలవ్వాలి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ కొట్టగానే ఆ సున్నా ఎగిరిపోతుంది. లేయర్లో టెక్స్ట్, షీట్లో నంబర్. జాయిన్ జరగదు, ఎర్రర్ కూడా రాదు, ఊరికే ఖాళీగా వస్తుంది. ఉమ్మడి ఏపీ గ్రామాల కోడ్‌లకు ముందు సున్నా లేదు కాబట్టి గ్రామాలు బతికిపోయాయి.

మందు: ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ మానేయండి. ఇంపోర్ట్ చేస్తూ కోడ్ కాలమ్స్ అన్నీ టెక్స్ట్ అని చెప్పండి. పైథాన్‌లో పాండాస్ లైబ్రరీ అయితే చదివేటప్పుడే స్ట్రింగ్ అని చెప్పొచ్చు. క్యూజీఐఎస్‌లోనే చేయాలంటే ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో ఎడమ పక్కన సున్నాలు నింపే ఎల్‌పాడ్ ఫంక్షన్ ఉంది.

ఇంకో రెండు విషయాలు. పీసీఏ షీట్లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, పట్టణం, వార్డు అన్నీ వరుసగా ఒకే కాలమ్‌లో ఉంటాయి. మొత్తం, గ్రామీణ, పట్టణ అని మళ్లీ మూడు రకాలు. లెవెల్ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టకుండా కూడితే జనాభా కొన్ని రెట్లు అవుతుంది. మీ మొత్తం అలా ఉబ్బలేదు, కాబట్టి అక్కడ బాగానే చేశారు.

పట్టణం కోడ్ ఒక్కదాని మీద జాయిన్ చేయకండి. జీహెచ్‌ఎంసీ హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్ మూడు జిల్లాల్లోనూ భాగాలుగా ఉంది. పేరు పక్కన "పార్ట్" అని ఉంటుంది, కోడ్ మాత్రం ఒకటే. మండలం కోడ్, పట్టణం కోడ్ కలిపి ఒక తాళంచెవి చేసుకోండి.


మానేరు_పిల్ల
మంగళవారం మధ్యాహ్నం

పంతులు గారూ, తెలంగాణ తెలంగాణలోకి వచ్చేసింది! సాగర్ దగ్గర కూడా సరిగ్గా కూర్చుంది. కోడ్_కోతి గారూ, సున్నాలు పెట్టగానే మండలాలన్నీ నిండాయి. హైదరాబాద్ జిల్లాను పుస్తకంతో సరిచూశాను, 39,43,323 సరిపోయింది.

గ్రామాల ఖాళీలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆదిలాబాద్, ఖమ్మం, వరంగల్ అటవీ ప్రాంతాల్లోనే ఎక్కువ. కొన్నింటికి కోడే లేదు. కొన్నింటికి కోడ్ ఉంది, జనాభా సున్నా అని ఉంది. వీటిని తీసేయనా?


పాత_గిర్దావర్
మంగళవారం సాయంత్రం

తీసేయకు తల్లీ. రెవెన్యూలో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి, ఈ జవాబు నాది.

కోడ్ ఉండి జనాభా సున్నా ఉన్నవి బేచిరాగ్ గ్రామాలు. రెవెన్యూ రికార్డులో ఊరు ఉంటుంది, పహాణీ ఉంటుంది, శిస్తు లెక్క ఉంటుంది, మనుషులు ఉండరు. ఎప్పుడో కలరాకో, కరువుకో, చెరువు ముంపుకో ఖాళీ అయి ఉంటుంది. భూమి పక్క ఊరి వాళ్లు దున్నుకుంటారు. సెన్సస్ రెవెన్యూ గ్రామాల లిస్టు ప్రకారమే పోతుంది కాబట్టి వాటికీ కోడ్ ఇస్తుంది. అక్కడ అక్షరాస్యత అంటే సున్నాను సున్నాతో భాగించడం. మ్యాపులో వాటికి "జనావాసం లేదు" అని వేరే రంగు పెట్టు. "డేటా లేదు" అనేది ఇంకో రంగు. రెండూ ఒకటి చేస్తే చూసేవాడికి అబద్ధం చెప్పినట్టే.

కోడ్ అసలే లేనివి చాలావరకు రిజర్వ్ ఫారెస్ట్ అయి ఉంటాయి. ఏ రెవెన్యూ గ్రామంలోనూ కలవని అడవి బ్లాకులు. వాటినీ ఉంచు, అడవి అని రాయి. లేకపోతే మ్యాపు చిల్లులు పడ్డ దుప్పటిలా ఉంటుంది.

ఇంకో మాట. ఆరోగ్య శాఖ నుంచి నీకు వచ్చే లిస్టులో గ్రామపంచాయతీల పేర్లు ఉండొచ్చు. పంచాయతీ వేరు, రెవెన్యూ గ్రామం వేరు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తండాలు, గూడేలు చాలా పంచాయతీలు అయ్యాయి, మొత్తం 12 వేలు దాటాయి. సెన్సస్‌కు అవి ఇంకా పక్క ఊరి శివారే. ఆ తండా జనం లెక్క రెవెన్యూ గ్రామంలోనే కలిసి ఉంటుంది, విడదీయలేవు. ఆ రెండు లిస్టులనూ పేర్ల మీద కలపాలని మాత్రం చూడకు. కొత్తపల్లి అనే పేరుతో ఎన్ని ఊళ్లు ఉన్నాయో నీ లేయర్లోనే వెతికి చూడు, నీకే అర్థమవుతుంది.


ఏటపాక_ఎక్స్‌ప్రెస్
మంగళవారం రాత్రి

నా పేరు చూస్తేనే తెలుస్తుంది, ఈ చర్చా దారంలో నాకు మాట్లాడే హక్కు ఉందని.

మానేరు గారూ, మీ రెండు అంకెల తేడా తీయండి. 3,51,93,978 నుంచి 3,50,03,674 తీస్తే 1,90,304. అది మా జనాభా. పోలవరం ముంపు ఏడు మండలాలు.

2014 జులైలో పునర్‌వ్యవస్థీకరణ చట్టానికి సవరణ వచ్చింది, ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సెన్సస్ 2011లో జరిగింది కాబట్టి దాని ఫైళ్లలో మేమంతా ఖమ్మం వాళ్లమే, జిల్లా కోడ్ 541. అప్పటికి తెలంగాణే లేదు కాబట్టి ఖమ్మమైనా చిత్తూరైనా రాష్ట్రం కోడ్ 28. ఆ ఫైల్లోంచి పాత పది జిల్లాలు, అంటే 532 నుంచి 541 వరకు తీసుకుంటే మేమూ మీతో వచ్చేస్తాం. మీ ఫైల్లో తప్పేమీ లేదు. పుస్తకంలో అంకె 2014 తర్వాతి సరిహద్దుకు లెక్క కట్టినది, మీది 2011 సరిహద్దుది.


తొందరబాబు
మంగళవారం రాత్రి

అయితే ఏడు మండలాలు సెలెక్ట్ చేసి డిలీట్ కొడితే అయిపోయింది కదా!


ఏటపాక_ఎక్స్‌ప్రెస్
మంగళవారం రాత్రి

అలా చేస్తే రాములవారి గుడి కూడా పోతుంది బ్రదర్.

కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఈ ఐదూ పూర్తిగా వెళ్లాయి. భద్రాచలం మండలం వెళ్లింది, భద్రాచలం రెవెన్యూ గ్రామం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. బూర్గంపాడు మండలంలో సారపాక, బూర్గంపాడు, మోరంపల్లి బంజర లాంటి 12 గ్రామాలు తెలంగాణలో ఉన్నాయి, మిగతావి వెళ్లాయి. మండలాల లెక్కన తీసేస్తే భద్రాచలం ఊరు ఒక్కదానితోనే యాభై వేల మంది పోతారు. ఉంచేస్తే ఏటపాక చుట్టుపక్కల ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తాయి. కాబట్టి ఈ రెండు మండలాలనూ గ్రామాల స్థాయిలోనే కోయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2011 సెన్సస్‌లో భద్రాచలం సెన్సస్ టౌన్, అంటే మున్సిపాలిటీ కాకపోయినా సెన్సస్ పట్టణంగా లెక్కించిన ఊరు. మీ గ్రామాల లేయర్లో పట్టణాలు ఉన్నాయో లేదో, లేక వేరే లేయరో చూసుకోండి. పట్టణాల కోడ్‌లు 8తో మొదలవుతాయి.

సరిగ్గా కోశారో లేదో కంటితో చూడాలంటే భద్రాచలం నుంచి చర్ల వెళ్లే రోడ్డు చూడండి. పట్టణం దాటగానే ఆంధ్రప్రదేశ్ వస్తుంది, కొంత దూరం పోయాక దుమ్ముగూడెం మండలంలో మళ్లీ తెలంగాణ. మా బస్సులో టికెట్ కొట్టే కండక్టర్‌కు ఈ జాగ్రఫీ మీ సాఫ్ట్‌వేర్ కంటే బాగా తెలుసు. మీ మ్యాపులో ఆ రోడ్డు మొత్తం తెలంగాణలోనే ఉంటే కోత తప్పు.


పాత_గిర్దావర్
బుధవారం ఉదయం

ఏటపాక తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు. దానికి ఒక మాట కలుపుతాను. ఆ ఏడు మండలాలతో కథ అయిపోలేదు. 2016లో తెలంగాణలో 459 మండలాలు 584 అయ్యాయి. కొత్త మండలాలు చాలావరకు రెండు మూడు పాత మండలాల నుంచి కొన్ని కొన్ని గ్రామాలు తీసి కట్టినవి. కొన్ని చోట్ల ఆ పాత మండలాలు వేర్వేరు జిల్లాలకు వెళ్లాయి. పాత మండలాన్ని మొత్తంగా ఎత్తి కొత్త జిల్లాలో పడేస్తే ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

జిల్లాల ఏర్పాటు జీవోలకు షెడ్యూళ్లు ఉన్నాయి. ఏ మండలంలో ఏ రెవెన్యూ గ్రామాలు, అవి అంతకుముందు ఏ మండలంలో ఉండేవి, అన్నీ రాసి ఉంటాయి. ఓపిక చేసుకుని వాటితో ఒక పట్టిక కట్టు. ఎడమ పక్క 2011 గ్రామం కోడ్, కుడి పక్క ఇప్పటి మండలం, జిల్లా. ఆ పట్టికే నీ అసలు ఆస్తి. గీతలు ఎప్పుడైనా కలుపుకోవచ్చు.


కోడ్_కోతి
బుధవారం ఉదయం

పట్టికను జీవోల నుంచి చేత్తో కట్టాల్సిన అవసరం పూర్తిగా లేదు సార్. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామాల జాబితా దించుకుంటే ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలంతో పాటు సెన్సస్ 2011 కోడ్ కాలమ్ కూడా వస్తుంది. దాంతో ఎక్కువ భాగం నిండుతుంది. మిగిలినవాటికి జీవోలు. జాగ్రత్త ఒకటే: ఆ డైరెక్టరీ సొంత కోడ్‌లు వేరు, సెన్సస్ కోడ్‌లు వేరు. అక్కడ తెలంగాణ 36, సెన్సస్ ఫైల్లో 28. కాలమ్ పేరు చదవకుండా "డిస్ట్రిక్ట్ కోడ్" అని ఉందని జాయిన్ చేస్తే మ్యాపు అందంగానే వస్తుంది, జిల్లాలు మాత్రం ఒకదాని అంకెలు ఒకదానికి పడతాయి.

పట్టిక అయ్యాక పని తేలిక. గ్రామాల లేయర్‌కు జాయిన్ చేసి, కొత్త జిల్లా కాలమ్ మీద డిజాల్వ్, అంటే ఒకే జిల్లా గ్రామాలన్నీ ఒకే ముక్కగా కలిసిపోతాయి. దానికి ముందు ఫిక్స్ జామెట్రీస్ నడపండి. లేదంటే గీతలు సరిగా లేని గ్రామాల దగ్గర డిజాల్వ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు.

అంకెలు కలిపేటప్పుడు శాతాలను సగటు చేయకండి. అక్షరాస్యులైన మహిళలను కూడండి, మొత్తం మహిళల నుంచి 0-6 ఏళ్ల ఆడపిల్లలను తీసి వచ్చింది కూడండి, చివర్లో ఒక్కసారే భాగించండి. సెన్సస్ అక్షరాస్యత ఏడేళ్లు, ఆపైవారికే లెక్క.


డాలస్_దారి
బుధవారం రాత్రి

ఇక్కడ అమెరికాలో ఒక కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో పని చేస్తాను. కడుపు మంటతో రాస్తున్నా అనుకోకండి. ఇక్కడ సెన్సస్ బ్యూరోనే టైగర్ లైన్ పేరుతో సరిహద్దుల షేప్‌ఫైళ్లు ఏటా ఉచితంగా ఇస్తుంది, పీఆర్‌జేతో సహా. ప్రతి ముక్కకూ జియోఐడీ ఉంటుంది, లెక్కల పట్టికలోనూ అదే ఐడీ. 2010 నుంచి 2020కి ఏ ట్రాక్ట్ (సెన్సస్ కోసం గీసిన చిన్న ప్రాంతం) ఎందులో ఎంత భాగం కలిసిందో చెప్పే రిలేషన్‌షిప్ ఫైల్ కూడా వాళ్లే ఇస్తారు. గిర్దావర్ గారు కట్టమన్న పట్టిక సరిగ్గా అదే. అయితే ఇక్కడ కూడా ముందు సున్నా ఎక్సెల్‌లో పోతుంది. కాలిఫోర్నియా కోడ్ 06. ఆ బాధకు దేశం లేదు.


పిక్సెల్_పంతులు
గురువారం ఉదయం

మన దగ్గర కూడా కొంత మారింది లెండి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించింది. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో లాగిన్ అయి పరిపాలనా సరిహద్దులు దించుకోవచ్చు. డేటామీట్ అనే వాలంటీర్ల బృందం 2011 జిల్లాలు, గ్రామాల సరిహద్దులు గిట్‌హబ్‌లో పెట్టింది. 1991, 2001, 2011 గ్రామాలను ఒకే ఐడీ కింద కలిపిన ష్రగ్ అనే డేటా కూడా ఉంది. ఎవరైనా మూడు సెన్సస్‌లు పోల్చాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. 2001లో కోడ్‌ల పద్ధతే వేరు, గ్రామానికి ఎనిమిది అంకెలు. దాన్ని 2011 కోడ్‌తో చేత్తో కలపడం నా శత్రువుకు కూడా వద్దు.

ఎప్పుడైనా దేశం మ్యాపు పెట్టాల్సి వస్తే బయటి గీత సర్వే ఆఫ్ ఇండియాదే వాడండి. విదేశీ సైట్ల ఫైళ్లలో జమ్మూకశ్మీర్ సరిహద్దు వేరేగా ఉంటుంది. మన దేశంలో అలా ప్రచురించడం చట్ట ప్రకారం నేరం.


మానేరు_పిల్ల
శనివారం సాయంత్రం

పట్టిక కట్టాను. డైరెక్టరీతో చాలావరకు నిండింది. భద్రాచలం, బూర్గంపాడు మండలాలకు చట్టం సవరణలో ఉన్న గ్రామాల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. ఏటపాక గారూ, చర్ల రోడ్డు ఇప్పుడు మీరు చెప్పినట్టే రాష్ట్రం మారి మళ్లీ వెనక్కి వస్తోంది. మొత్తం 3,50,03,674. ఒక్కటి కూడా తేడా లేదు.

ఇప్పుడు కొత్త గొడవ. గ్రామాలతో జియోజేసన్ చాలా బరువుగా ఉంది, ఫోన్లో తెరుచుకోవడం లేదు. క్యూజీఐఎస్‌లో సింప్లిఫై చేస్తే తేలికైంది గానీ గ్రామాల మధ్య సందులు పడ్డాయి, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంకోటి, పేర్లు తెలుగులో పెట్టి షేప్‌ఫైల్‌గా సేవ్ చేస్తే "వరరామచ" అని వస్తోంది. మిగతా సగం ఏమైంది?


కోడ్_కోతి
శనివారం రాత్రి

షేప్‌ఫైల్ కట్టలో పేర్లు, అంకెలు దాచే డీబీఎఫ్ మింగేసింది. ఆ ఫీల్డ్ వెడల్పు 20 అని పెట్టి ఉంటారు. ఆ 20 బైట్లు, అక్షరాలు కాదు. కంప్యూటర్ అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, సున్న, పొల్లు ఒక్కోటీ మూడు బైట్లు. 20లో ఆరే పడతాయి: వ, ర, ర, దీర్ఘం, మ, చ. లెక్క సరిపోయిందా? వెడల్పు పెంచినా 254 దాటదు. ఫీల్డు పేర్లూ పదికే కట్ అవుతాయి. షేప్‌ఫైల్ పాత కాలం సరుకు. ఎవరైనా ఇస్తే తీసుకోండి, మీరు మాత్రం జియోప్యాకేజ్‌గా దాచుకోండి. ఒకటే ఫైల్, ప్రొజెక్షన్ లోపలే ఉంటుంది, తెలుగు పేర్లు పూర్తిగా ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో సగం రాలిపోయే గొడవ కూడా ఉండదు.


పిక్సెల్_పంతులు
శనివారం రాత్రి

సందుల సంగతి: క్యూజీఐఎస్ మామూలు సింప్లిఫై ఒక్కో గ్రామాన్ని విడిగా నున్నగా చేస్తుంది. రెండు ఊళ్ల మధ్య గీత ఒకటే అయినా దానికి అది తెలియదు, రెండుసార్లు రెండు రకాలుగా కోస్తుంది. మ్యాప్‌షేపర్ వాడండి. బ్రౌజర్లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అది ఉమ్మడి గీతలను ముందు గుర్తుపట్టి ఒక్కసారే సన్నబరుస్తుంది, రెండు వైపులా ఒకేలా వస్తుంది. పది శాతానికి తగ్గించి చూడండి, జిల్లా మ్యాపుకు అంతకన్నా తక్కువైనా చాలు. చిన్న ముక్కలు మాయం కాకుండా ఉంచే ఆప్షన్ టిక్ పెట్టండి. లేకపోతే పట్టణాల పక్కనున్న బుల్లి గ్రామాలు ఎగిరిపోతాయి.

ఎక్స్‌పోర్ట్‌లో దశాంశాలు ఐదుకు కుదించండి. ఐదో స్థానం అంటే సుమారు ఒక మీటరు. కొన్ని ఫైళ్లలో పదిహేను అంకెలు ఉంటాయి, అది ఖచ్చితత్వం కాదు, బరువు. ఇంకా తగ్గాలంటే టోపోజేసన్‌గా తీసుకోండి, ఉమ్మడి గీతలు ఒక్కసారే రాస్తుంది. లీఫ్‌లెట్‌కు దాన్ని విప్పే చిన్న ప్లగిన్ కావాలి.

విస్తీర్ణం, జనసాంద్రత లెక్కలు మాత్రం సన్నబరచక ముందే, అసలు లేయర్ మీద, మీటర్ల ప్రొజెక్షన్‌లో చేయండి. తెలంగాణ పడమటి అంచు 78 డిగ్రీలకు అటు ఉంది, యూటీఎం 43వ జోన్‌లోకి పోతుంది. అందుకని రాష్ట్రమంతా కలిపి 44లో లెక్క కట్టడం కంటే ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రటి ఆకారం) మీద విస్తీర్ణం ఇచ్చే ఫంక్షన్ వాడటం నాకు ఇష్టం.


తొందరబాబు
ఆదివారం ఉదయం

నాదొక చివరి సందేహం, కోప్పడకండి. 2027 సెన్సస్ వస్తోంది కదా. 2025 డిసెంబర్ 31 నాటికి ఉన్న సరిహద్దులను స్థిరం చేసి దాని మీదే లెక్క తీస్తారని నోటిఫికేషన్లలో ఉంది. అది వచ్చాక 33 జిల్లాలకు నేరుగా అంకెలు దొరుకుతాయి. ఈ పట్టిక అప్పుడు చెత్తబుట్టకే కదా?


పాత_గిర్దావర్
ఆదివారం మధ్యాహ్నం

ఈసారి మంచి ప్రశ్న అడిగావు. చెత్తబుట్టకు కాదు, అసలు అవసరం అప్పుడే మొదలవుతుంది. ములుగు జిల్లాలో అక్షరాస్యత 2027లో ఇంత అని సెన్సస్ చెప్తుంది. పెరిగిందా తగ్గిందా అని ఎవరైనా అడిగితే? 2011లో ములుగు జిల్లానే లేదు. ఈ అమ్మాయి పట్టిక లేకుండా ఆ జవాబు రాదు.


చిత్రావతి_గట్టు
సోమవారం ఉదయం

దారం మొత్తం చదివాను. నాది అనంతపురం వైపు. 2022 ఏప్రిల్ 4న మాకు 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ 26కు నాకు 2011 లెక్కలు కావాలి. మానేరు గారు పట్టిక ఇస్తే మా వైపుకు పనికొస్తుందా, మొదటి నుంచి కట్టాలా?


మానేరు_పిల్ల
సోమవారం సాయంత్రం

తప్పకుండా తీసుకోండి. వేదిక ఫైళ్ల విభాగంలో సీఎస్‌వీగా, జియోప్యాకేజ్‌గా రెండు రకాలుగా పెట్టాను. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకండి!

మీ 13 జిల్లాల గ్రామాలు అందులో లేవు. వాటికి 542 నుంచి 554 వరకు జిల్లా కోడ్‌లతో మొదలుపెట్టాలి. మీ దగ్గర 2022లో మండలాలు దాదాపు అలాగే ఉండి జిల్లాలు మారాయి కాబట్టి మాకు పట్టినంత సమయం పట్టకపోవచ్చు. ఖమ్మం నుంచి మీకు వచ్చిన గ్రామాల వరుసలు మాత్రం నా పట్టికలోనే ఉన్నాయి, రెండు ముక్కలైన మండలాలతో సహా. కుక్కునూరు, వేలేరుపాడు వైపువి 2022లో ఏలూరుకు, చింతూరు, కూనవరం, ఏటపాక వైపువి అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. అవి కలపకముందు మీ మొత్తం 4,93,86,799 రావాలి, కలిపాక 4,95,77,103.


ఏటపాక_ఎక్స్‌ప్రెస్
సోమవారం రాత్రి

చిత్రావతి గారూ, ఆ వరుసలు కలిపేటప్పుడు బూర్గంపాడు నుంచి వచ్చిన గ్రామాలను కుక్కునూరు మండలంలో వేయండి. మీ లేయర్లో బూర్గంపాడు అని కొత్త మండలం పుడితే అది ఏపీలో ఎక్కడా లేదు.